గంట కొట్టాక మిగిలిన బిళ్ళ

డ్రై ఫోర్క్, నెవాడా
1992 జనవరి 14

తమ్ముడు లెలండ్‌కు,

నిన్ను అడగకుండానే నీ పేరు వాడేశాను. ముందు ఆ తప్పు ఒప్పుకుని తరవాత క్షేమసమాచారాలకు వస్తాను.

మా అగ్నిమాపక భవనంలో అంబులెన్సు కోసం ఏటా పోకర్ పోటీ పెడతామని నీకు తెలుసు. నిరుడు మార్చిలో డెబ్బై మైళ్ళు మంచులో బండి తోలుకొచ్చినవాళ్ళు పావుగంటలో పందెం చిప్పులన్నీ పోగొట్టుకున్నారు. ఆ తరవాత గోడవార బెంచీ మీద కూర్చుని నేను వండిన బీన్సు తిన్నారు. బీన్సు ఎంత బాగా కుదిరినా నాలుగు గంటలు తినలేరు కదా. ఈసారి రామని ఇప్పటికే కబుర్లు పంపారు. అంబులెన్సుకి స్టార్టరు పని చెయ్యదు, వాలు మీద నిలబెట్టి తోసి నడుపుతున్నాం. పోటీ జరగకపోతే వచ్చే చలికాలానికి ఆ తోపుడు బండి కూడా ఉండదు.

అందుకని మా దళనాయకుడు హార్లన్ ఓ మాటన్నాడు. రెనో పేకాట గదుల్లో ఓడినవాడు మళ్ళీ చిప్పులు కొనుక్కుని కూర్చునే పద్ధతి ఉందట, రీబై అంటారట. "వెర్నా తమ్ముడు అక్కడ శనివారం పోటీలకు పెద్ద. అతన్నే పిలుద్దాం," అన్నాడు. దళంలోని పదకొండు మందీ నా వైపు చూశారు. నేను సరేనన్నాను. పోటీ ఏప్రిల్ పదకొండున. నువ్వు రావాలి. రాలేకపోతే కనీసం నాకు అర్థమయ్యేటట్టు రాయాలి. రీబై అంటే ఏమిటి, యాడ్-ఆన్ అంటే ఏమిటి, ఈ రెండూ వేరువేరా అని అడిగితే ఇక్కడ ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతున్నారు.

నీ అక్క,
వెర్నా

రెనో
జనవరి 22

గౌరవనీయురాలైన అక్క వెర్నాకు,

నీ ఉత్తరం అందింది. నా పేరును వాడుకున్నందుకు అభ్యంతరం లేదు. అయితే "పెద్ద" అన్న మాట సరికాదు; పోటీల పర్యవేక్షకుడు అనవలెను. శనివారాలు నాకు తీరిక ఉండదు కనుక రాలేను. నియమాలను ఇక్కడే వివరిస్తున్నాను. నిదానంగా చదువుకో.

పోటీలో చేరిన ప్రతివానికీ సమానంగా చిప్పులు ఇస్తారు. తలకు వెయ్యి అనుకుందాము. బల్ల దాటితే వాటికి విలువ లేదు. అవి పోగొట్టుకున్నవాడు మళ్ళీ రుసుము కట్టి ఇంకొక వెయ్యి తీసుకోవడమే రీబై. ఇది మొదటి గంటలోనే చెల్లుతుంది. ఆ గంట ముగియగానే గంట మోగించి విరామం ఇస్తారు. విరామంలో ఓడుతున్నవాడైనా గెలుస్తున్నవాడైనా ఒక్కసారి అదనంగా కొనుక్కోవచ్చు, అది యాడ్-ఆన్. రీబై ఆకలిగొన్నవానికి పెట్టేది, యాడ్-ఆన్ పంక్తిలో అందరికీ చేసే మారు వడ్డన. విరామం తరవాత ఏ కొనుగోలూ లేదు. చిప్పులు అయిపోయినవాడు లేచిపోవలసిందే. ఆ దశను ఫ్రీజౌట్ అంటారు.

రీబై అడగడానికి రెండు షరతులు. తన ముందున్న చిప్పులు మొదట ఇచ్చిన సంఖ్యను మించకూడదు. తరవాతి పంపకంలో మొదటి ముక్క బల్ల మీద పడేలోగా అడగాలి. ఒకసారి నోటితో అన్నాక వెనక్కు తీసుకోరాదు.

మా గదిలో ఆటమధ్యలో డబ్బు చేతులు మారకుండా, రెండు రీబైల రుసుమును ప్రవేశంలోనే కలిపి, ప్రతివానికీ రెండు ఎర్ర బిళ్ళలు ముందే ఇస్తాము. ఒక బిళ్ళ ఇచ్చి వెయ్యి చిప్పులు పుచ్చుకోవచ్చు. మీకు ఈ పద్ధతే మేలు. డబ్బున్నవాడు పదిసార్లు కొని అందరినీ అలసగొట్టే ప్రమాదం ఉండదు. కాని బిళ్ళ చిప్పు కాదు. దానిని పందెంలో పెట్టరాదు. అది ఒక హక్కుకు గుర్తు మాత్రమే.

ఈ నియమాలను నేను నాలుగు పుటలలో రాయగా మా మేనేజరు ప్రూయెట్ అద్దం కట్టించి గోడకు తగిలించారు. ముప్ఫయ్యేడో ఏట రాత్రి బడిలో పట్టా పుచ్చుకున్నవాని వాక్యాలు అవి. ఇందులో అర్థం కాని మాట ఉంటుందని నేను అనుకోను.

నీ తమ్ముడు,
లెలండ్ హాస్కెట్

డ్రై ఫోర్క్
ఫిబ్రవరి 6

లెలండ్,

అర్థం కాని మాట ఉంటుందనుకోనన్నావు. వచ్చి చూడు.

నీ ఉత్తరం సభలో పైకి చదివాను. రెండో పేరా దగ్గర హార్లన్ ఆపాడు. "నీ తమ్ముడు దీన్ని శాసనసభకి రాశాడా, మనకి రాశాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, నా బీన్సు మాడుతున్నాయి.

తరవాత ఎండు బీన్సు గింజలు చిప్పులుగా, సీసా మూతలు బిళ్ళలుగా పెట్టుకుని సాధన చేశాం. పశువుల మంద ఉన్న డ్యూయీ మొదటి ఆటలోనే మూతని బీన్సు కుప్పమీద పెట్టి ఉన్నదంతా పందెం కాశాడు. ఓడాక మూత కూడా పోయినట్టేనా అని గెలిచినవాడు చెయ్యి చాపాడు. బిళ్ళ హక్కు మాత్రమే, పందెంలో చెల్లదు అని నీ వాక్యం చూపించాను. "హక్కయితే కుప్పమీద ఎందుకు కూర్చుంది?" అని గెలిచినవాడు. "నా హక్కు, నాకిష్టమైన చోట కూర్చోబెడతా," అని డ్యూయీ. అరగంట పోయింది. ఇక నుంచి బిళ్ళలు చొక్కా జేబులో ఉండాలని తీర్మానించాం.

అంతకంటే పెద్ద తగాదా తరవాత వచ్చింది. బడి వంటావిడ ఫేయ్ బీన్సన్నీ పోగొట్టుకుని, ఇంకా మూత చేతిలో ఉండగానే, నా గిన్నె కలపడానికి లేచింది. తిరిగొచ్చేసరికి తరవాతి పంపకంలో మొదటి ముక్క పడిపోయింది. నీ నియమం ప్రకారం ఆలస్యమైంది, ఇంటికి పొమ్మన్నారు. ఆమె మూత చూపించింది. "డబ్బు ముందే కట్టించుకుని, చేతిలో పెట్టి, ఇప్పుడు చెల్లదంటారా?" అంది. హార్లన్ నన్ను అడిగాడు: "బిళ్ళ చేతిలో ఉంది, ముక్క పడిపోయింది. ఆ మనిషి ఆటలో ఉన్నట్టా, పోయినట్టా?" నీ ఉత్తరం మూడుసార్లు తిరగేశాను. జవాబు లేదు. గంట కొట్టాక కూడా బిళ్ళ మిగిలిపోతే ఏమవుతుందో కూడా లేదు.

ఫేయ్ గొంతు పెంచి ఎరగదు. ఆ రోజు తలుపు దభాలున వేసి వెళ్ళిపోయింది. వెంటనే రాయి.

వెర్నా

రెనో
ఫిబ్రవరి 15

అక్కకు,

బీన్సుతోను సీసా మూతలతోను పోటీ నియమాలను పరీక్షించడం సరియైన పద్ధతి కాదు.

డ్యూయీ విషయంలో నీవు ఇచ్చిన తీర్పు సరైనదే. రెండవ ప్రశ్న ఆయా గదుల ఆచారాన్ని బట్టి ఉంటుంది. దానికి నేను దూరం నుండి జవాబు చెప్పజాలను. రాసి ఉన్న వాక్యాన్ని రాసి ఉన్నట్టుగా అమలు జరపడం తీర్పరి ధర్మం. ఇష్టాయిష్టాలను బట్టి మార్చుకుంటూ పోతే వాక్యాలెందుకు?

ఇక మీదట ఉత్తరాలు పేకాట గది చిరునామాకు కాక ఇంటికే పంపవలసింది.

లెలండ్

డ్రై ఫోర్క్
ఫిబ్రవరి 27

లెలండ్,

నీ ఉత్తరం ముందు వంటింట్లో, తరవాత లాయం దగ్గర, మళ్ళీ మంచం మీద చదివాను. మూడు చోట్లా ఒకలాగే ఉంది. అది జవాబు కాదు, మూసిన తలుపు. ఇరవై ఏళ్ళుగా నిన్ను చిన్న ప్రశ్న అడిగితే పెద్ద జవాబిస్తావు. ఈసారి నాలుగు పంక్తులు.

కోపం ఆపుకోలేక శనివారం పగలు మీ గదికి ఫోను చేశాను. నిన్ను పోటీ మధ్యలో పిలిపించినా సరే అనుకున్నాను. ఎవరో ఆడమనిషి తీసింది. "లెలండా? ఆయన పొద్దుటి పూట కొత్తవాళ్ళకి ముక్కలు పంచి పన్నెండింటికే వెళ్ళిపోతారండీ. పోటీలు నేను చూస్తున్నాను, నా పేరు మార్లీన్," అంది. ఎప్పటినుంచి అని అడిగాను. అక్టోబరు నుంచట. మర్యాదగానే చెప్పింది, పాపం. నేనే మర్యాద లేకుండా ఫోను పెట్టేశాను.

శనివారాలు తీరిక లేదన్నావు. గోడ మీద అద్దంలో నాలుగు పుటలన్నావు. నేను ఇక్కడ పదకొండు మంది ముందు నీ మాట మీద నిలబడి ఉన్నాను. ఏం జరిగిందో చెప్పు. అందంగా చెప్పనక్కర్లేదు.

వెర్నా

రెనో
మార్చి 8

అక్కకు,

నీకు అబద్ధం రాశాను. ఆ కాగితం గోడమీద లేదు. అది ఇప్పుడు నా మంచం కింద ఉంది. అద్దం పగలలేదు.

జరిగినది ఇది. యోకమ్ అనే రిటైరైన రైల్వే గార్డు పదకొండేళ్ళుగా ప్రతి శనివారం మా పోటీకి వచ్చేవారు. ఆయనకొక అలవాటు ఉంది: తనను ఓడించినవానికి లేచి, బల్ల చుట్టూ నడిచి వెళ్ళి, కరచాలనం చేస్తారు. ఆ తరవాతే రీబై. అందరికీ తెలుసు, పంచేవాళ్ళు ఆయన తిరిగి కూర్చునేదాకా ఆగేవారు. అక్టోబరు పంతొమ్మిదిన ఆయన చిప్పులన్నీ పోయాయి. ఒక బిళ్ళ మిగిలి ఉంది. ఆయన లేచి కరచాలనానికి వెళ్ళారు. ఆ రోజు బల్లకు కొత్త పంపకందారు. అతడు ఆగలేదు. మొదటి ముక్క పడింది. యోకమ్ తిరిగి వచ్చి బిళ్ళ ముందుకు జరిపి "రీబై" అన్నారు. ఎవరో నన్ను పిలిచారు.

నా కాగితంలో ఉన్నది ఒక్కటే: మొదటి ముక్క పడేలోగా అడగాలి. ఆ వాక్యం మేము డబ్బు తీసుకుని రీబై ఇచ్చే రోజులలో రాశాను. ఆ తరవాత బిళ్ళల పద్ధతి వచ్చింది. బిళ్ళ చేతిలో ఉన్నవాడు పోటీలో ఉన్నట్టే అన్నది అందరూ పాటిస్తున్న ఆచారం. అందరికీ తెలిసినదానిని రాయడమెందుకని నేను రాయలేదు. ఆ క్షణంలో ముప్ఫైమంది చూస్తుండగా నేను గోడకున్న కాగితం చూపించి, "ఆలస్యమైందండీ, మీరు పోటీలో లేరు," అన్నాను. ఒకరు, "లెలండ్, ఆయన చేతిలో బిళ్ళ ఉందయ్యా, కనిపించడంలేదా?" అన్నారు. నేను వాక్యాన్ని పైకి చదివాను. యోకమ్ బిళ్ళను బల్లమీద పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన వెనకాల మరో తొమ్మిది మంది లేచారు. మళ్ళీ శనివారం సగం కుర్చీలు ఖాళీ.

ప్రూయెట్ నన్ను పిలిచి, "ఆటగాళ్ళ ముందు నిలబడి ఆ తీర్పు తప్పని ఒక్క మాట అను. శనివారాలు నీవే," అన్నారు. నేను అనలేదు. శనివారాలు మార్లీన్‌కు పోయాయి. వాక్యం నేను చదివినట్టే ఉంది, అక్కా. ఇప్పటికీ అలాగే ఉంది. చదవడంలో నేను తప్పు చేయలేదు. పదకొండు సంవత్సరాలు పగలు పళ్ళాలు కడిగి, రాత్రులు చదువుకున్నవాడిని చదవడం రాదని ముప్ఫైమంది ఎదుట ఎలా ఒప్పుకోను? ఐదు నెలలుగా ఈ ఒక్క ఆలోచనే అరిగిపోయేదాకా తిప్పుతున్నాను. ప్రతిసారీ నేనే సరైనవాడినని తేలుతుంది. మనసుకు మాత్రం తేలిక కావడం లేదు.

లెలండ్

డ్రై ఫోర్క్
మార్చి 17

లెలండ్,

నిన్ను ఓదారుస్తాననుకుంటే పొరపాటు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరు నీకు చదవడం రాదన్నారు? ఒక ముసలాయన కోసం ఒక్క పంపకం ఆగమని అడిగారంతే. దానికి నువ్వు రాత్రి బడి పట్టా తెచ్చి అడ్డం పెట్టావు.

సరిగ్గా అదే ప్రశ్న నేను ఫిబ్రవరిలో అడిగితే నన్ను కూడా గుమ్మంలోనే నిలబెట్టావు. ఫేయ్ ఇంకా సాధనకి రావడం లేదు. ఆమె అన్న తన కుటుంబం నుంచి ఐదుగురు రామని చెప్పేశాడు. ఇంకో రెండు ఇళ్ళు పోతే పోటీ లేదు. నీ పౌరుషం మీకు అక్కడ పది మందిని తీసుకుపోయింది, ఇక్కడ ఆరుగురిని.

హార్లన్ నీ ఉత్తరం పక్కన పెట్టి సొంతంగా అరపేజీ రాయించాడు. దీనితో పంపుతున్నాను. తప్పులుంటే దిద్దు. వాక్యాలు మాత్రం దిద్దకు. "చిప్పులయిపోతే బిళ్ళ ఇయ్యి, వెయ్యి పుచ్చుకో. బిళ్ళలయిపోతే బీన్సు తిను," అని ఉంది చూడు, అది అందరికీ నచ్చింది. కింద ఖాళీ వదిలాం. హార్లన్ ప్రశ్నకి జవాబు అక్కడ రాయాలి. జవాబు నీకు తెలుసు. నేను రాసుకోగలను, కానీ రాయను. అది నీ చేత్తో రావాలి.

వెర్నా

రెనో
మార్చి 26

అక్కకు,

కాగితం తిప్పి పంపుతున్నాను. "బీన్సు తిను" అన్నది నియమం కాదు, అయినా ముట్టుకోలేదు.

ఖాళీలో రెండు వాక్యాలు రాశాను. నాలుగు రాత్రులు పట్టింది. నలభై పదాలతో మొదలుపెట్టాను. ప్రతి రాత్రీ కొన్ని కొట్టివేస్తూ వచ్చాను. మిగిలినవి ఇవి:

"జేబులో బిళ్ళ ఉన్నంతసేపు మనిషి ఆటలో ఉన్నట్టే. గంట కొట్టగానే మిగిలిన ప్రతి బిళ్ళా చిప్పులవుతుంది, మనిషి కుర్చీలో ఉన్నా లేకపోయినా."

ఇది నేను రాశానని ఎవరికీ చెప్పనక్కరలేదు. ఫేయ్‌కు మాత్రం చూపించు. ఆ రోజు ఆమె పక్షమే న్యాయమని చెప్పు.

ఈ ఉత్తరం ఇంతకంటే పొడుగుగా రాయడం నా వల్ల కావడం లేదు.

లెలండ్

డ్రై ఫోర్క్
ఏప్రిల్ 13

తమ్ముడు లెలండ్‌కు,

పోటీ అయింది. నలభై ఆరు మంది వచ్చారు. ఫేయ్ వచ్చింది, ఆమె అన్న కుటుంబంతో సహా. నీ రెండు వాక్యాలు చదివి, "ఈమాత్రం దానికి రెండు నెలలా?" అంది. కాగితం మడిచి ఇచ్చేసి చేతులు కడుక్కుని గిన్నె దగ్గరికి వెళ్ళింది. అంతే. నేను ఇంకేదో అంటుందనుకున్నాను.

పోటీ సజావుగా జరిగిందని రాయను. డ్యూయీ విరామంలో యాడ్-ఆన్ రెండు కావాలని పది నిమిషాలు వాదించాడు. ఒకతను రీబై అని నోరు జారి, వెంటనే అనలేదని బుకాయించాడు. నా గొంతు పోయింది. కానీ నీకు చెప్పాలనుకున్నది వేరే.

గంటకి ఇంకా పదిహేను నిమిషాలుందనగా హార్లన్ ఉన్నదంతా కాసి ఓడాడు. లేవకముందే సైరను మోగింది. హైవే మీద లారీ బోల్తా. హార్లన్, ఇంకో ఇద్దరు బల్లల మీద నుంచి లేచి పరుగెత్తారు. మేం ఆరుగురం అంబులెన్సుని తోశాం. హార్లన్ జేబులో బిళ్ళ ఒకటి ఉండిపోయింది. మేం తిరిగి వచ్చేసరికి పంపకాలు సాగుతున్నాయి, తరవాత గంట కొట్టారు. నేను ఎవరినీ అడగలేదు. హార్లన్ ఖాళీ కుర్చీ ముందు వెయ్యి చిప్పులు పేర్చాను. మిగిలిన ఇద్దరి బిళ్ళలకీ అలాగే చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. డ్యూయీ కూడా. అది నియమమని, దాన్ని ఒకరు రాశారని, రాయడానికి నాలుగు రాత్రులు పట్టిందని ఆ భవనంలో ఎవరికీ తోచలేదు. మా కళ్ళకి అది పళ్ళెం పక్కన చెంచా ఉన్నట్టు కనిపించింది.

రెండు గంటల తరవాత హార్లన్ వచ్చాడు. లారీ డ్రైవరు బతికాడు, కాలు విరిగింది. కుర్చీలో లేకపోయినా ప్రతి చుట్టులోనూ కట్టవలసిన పందెం కోసుకుపోగా, చిప్పులు మూడొందలు మిగిలాయి. "నేను మనిషి ప్రాణం కాపాడి వచ్చేసరికి మీరు నా చిప్పులు మేసేశారా?" అన్నాడు. జేబులోంచి బిళ్ళ తీసి నాకిచ్చి కూర్చున్నాడు. రెండో పంపకంలోనే మూడొందలూ పోయాయి. లేచి వెళ్ళి గెలిచినవాడి వీపు మీద ఒక్కటిచ్చాడు.

వీపు మీద కొట్టడం కూడా ఒక కరచాలనమే అనిపించింది నాకు. నీకేమనిపిస్తుందో తెలియదు. నేను అడగను.

వెర్నా

రెనో
మే 3

అక్కకు,

నిన్న శనివారం. పోటీ మొదలయ్యే ముందు మార్లీన్ అనుమతి తీసుకుని ఆటగాళ్ళ ముందు నిలబడ్డాను. ఇరవై ముగ్గురు ఉన్నారు. అక్టోబరు పంతొమ్మిదిన నేను ఇచ్చిన తీర్పు తప్పని చెప్పాను. వాక్యం గురించి మాట్లాడలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

నీవు అనుకున్నట్టుగా ఏమీ జరగలేదు. సగంమందికి నేను దేని గురించి మాట్లాడుతున్నానో తెలియదు, కొత్తవాళ్ళు. తెలిసినవాళ్ళలో ఒకావిడ, "ఈ మాట క్రిస్మస్‌కి ముందు అనుంటే యోకమ్ వినేవారు," అన్నది. ఆయన ఫిబ్రవరిలో శాక్రమెంటోలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోయారట. వెనక బల్ల నుండి ఎవరో, "సరేనయ్యా, ముక్కలెప్పుడు పంచుతారు?" అన్నారు. మార్లీన్ గంట నొక్కింది.

ప్రూయెట్‌ను చూశాను. శనివారాలు మార్లీన్‌కే ఖాయం చేశానని, నా మాట గౌరవిస్తానని, కాని ఆలస్యమైందని అన్నారు. "ఆలస్యమైంది" అన్న మాటనే వాడారు. నేను ఆయనను తప్పుపట్టలేదు. పొద్దుటి పంపకాలే నాకు ఉంటాయి. మార్లీన్ పోటీని బాగా నడుపుతుంది. ఈ మాట రాయడానికి కూడా నాకు కొంత సమయం పట్టింది.

యోకమ్ కూతురి చిరునామా ఆ క్రిస్మస్ మాట అన్నావిడే ఇచ్చింది. ఆయనకు ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి ప్రతి రెండు పుటలు వచ్చింది. పాత వాక్యం ఎప్పుడు, ఏ పరిస్థితులలో రాయబడిందో అందులో ఉంది. చింపివేశాను. రెండవ ప్రతి ఒక పుట. కొత్త పంపకందారు ఆగకపోవడం గురించి అందులో ఉంది. అది కూడా చింపివేశాను. ఈ పొద్దున పంపినది ఇది:

"యోకమ్ గారికి. ఆ రోజు మీరు పోటీలోనే ఉన్నారు. నేను లేదన్నాను. తప్పు నాది. లెలండ్ హాస్కెట్."

కవరు అంటించి, తపాలా పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాను, అక్కా. ఇంకొక్క వాక్యం చేర్చాలని చేయి లాగింది. చేర్చలేదు.

నీ తమ్ముడు,
లెలండ్